అమెరికా వెళ్ళేది మీరు, మీ పిల్లలు కాదు

(గుంటూరులో వయోధికుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం. చివర్లో సభికులు అడిగిన ప్రశ్నలు కొన్ని చేర్చాం.)

అందరికీ నమస్కారం. ఇంత ఎండలో ఇంతమంది వచ్చినందుకు చాలా సంతోషం.

ఇందాక పిల్లలు అమెరికాలో ఉన్నవాళ్ళు చేతులెత్తండి అంటే హాల్లో దాదాపు అన్ని చేతులూ లేచాయి. మీ వీసా ఫారంలో ఏం రాశారో మీకు తెలుసా అని అడిగితే నాలుగైదు మిగిలాయి. నేనివాళ మాట్లాడేదంతా ఆ చేతులు దించినవాళ్ళ కోసమే.

మన ఇళ్ళల్లో ఈ ప్రయాణం ఎలా నడుస్తుందో మీకు తెలిసిందే. అబ్బాయి డాలస్‌లో కూర్చుని రాత్రి పన్నెండింటికి ఫారం నింపుతాడు. అమ్మాయి టికెట్లు కొంటుంది. వాట్సాప్‌లో పీడీఎఫ్‌లు వస్తాయి. నాన్నగారు వాటిని జిరాక్స్ షాపుకు తీసుకెళ్ళి ప్రింట్లు తీయించి, ప్లాస్టిక్ ఫోల్డర్‌లో పెట్టి బీరువాలో దాస్తారు. అమ్మగారు పచ్చళ్ళ పనిలో పడతారు. పిల్లలు ప్రేమ కొద్దీ చేస్తారు. అమ్మానాన్నలకు శ్రమ ఉండకూడదని చేస్తారు. అందులో తప్పు పట్టేదేమీ లేదు. కానీ కౌంటర్ ముందు నిలబడిన రోజున అబ్బాయి పక్కన ఉండడు. అవతల కూర్చున్న మనిషి మిమ్మల్నే అడుగుతాడు. అందుకని ఎవరు వచ్చి అడిగినా నేను మొదట చెప్పేది ఇదే. కాగితాలు మీ చేతిలో ఉండాలి, వాటిలో ఏముందో మీకు కంఠతా వచ్చి ఉండాలి. ఇంగ్లీషు రాకపోయినా గట్టెక్కొచ్చు. మన ప్రయాణం సంగతి మనకే తెలియకపోతే మాత్రం కష్టం.

పాస్‌పోర్టుతో మొదలుపెడదాం. తిరిగొచ్చే తేదీ తర్వాత కూడా ఆరు నెలలు గడువు మిగిలేలా చూసుకోండి. ఇది అందరూ చెప్పేదే. అసలు చిక్కు పేరు దగ్గర వస్తుంది. మన తరం ఆడవాళ్ళ పేర్లు ఒక్కో కాగితంలో ఒక్కో రకంగా ఉంటాయి. ఆధార్‌లో పొడి అక్షరంతో కె. సుబ్బలక్ష్మి, రేషన్ కార్డులో కొత్తపల్లి సుబ్బలక్ష్మమ్మ, పదో తరగతి సర్టిఫికెట్‌లో పుట్టింటి ఇంటిపేరు. మగవాళ్ళకైతే వెంకటేశ్వర్లు అన్న ఒక్క పేరుకే ఇంగ్లీషులో నాలుగైదు స్పెల్లింగులు. పాస్‌పోర్టులో ఇంటిపేరుకు ఒక గడి, పేరుకు ఒక గడి ఉంటాయి. కొందరికి ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి, పేరంతా రెండో గడిలోనే ఉంటుంది. అలాంటి పాస్‌పోర్టు మీద అమెరికా వీసా ఇచ్చేటప్పుడు ఆ పేరంతా ఇంటిపేరు గడిలోకి పోయి, అసలు పేరు ఉండాల్సిన చోట ఎఫ్‌ఎన్‌యూ, అంటే పేరు తెలియదు అని పడుతుంది. ఇక విమానం టికెట్టు దగ్గర్నుంచి ఇన్సూరెన్స్ కార్డు దాకా ప్రతిచోటా అదే తికమక. యూఏఈ అయితే 2022 నవంబర్ నుంచి పాస్‌పోర్టులో ఒక్క ముక్క పేరే ఉన్నవాళ్ళను విజిట్ వీసా మీద రానివ్వడం లేదు. దారిలో దుబాయ్‌లో నాలుగు రోజులు దిగి చూద్దామనుకునేవాళ్ళు ఇది గుర్తుంచుకోండి. పేరు సరిచేయించుకోవాలంటే వీసాకు ముందే చేయించుకోవాలి. వీసా వచ్చాక పాస్‌పోర్టు మార్చడం రెట్టింపు పని.

ఇక వీసా ఇంటర్వ్యూ. మనకు దగ్గరి అమెరికా కాన్సులేట్ హైదరాబాద్‌లో ఉంది. 2008లో బేగంపేట పైగా ప్యాలెస్‌లో మొదలైంది. 2023 మార్చిలో నానక్‌రామ్‌గూడలో సొంత భవనానికి మారింది. పదేళ్ళ కిందట వెళ్ళొచ్చిన బావగారు చెప్పిన అడ్రసు పట్టుకుని బేగంపేటలో దిగకండి. వేలిముద్రలు, ఫొటో ఇచ్చేది వేరే చోట, కాన్సులేట్ ఇంటర్వ్యూ వేరు. రెండు అపాయింట్‌మెంట్లు ఉంటాయి కాబట్టి ఇక్కడి నుంచి వెళ్ళేవాళ్ళు రాత్రి ఎక్కడ ఉండాలో ముందే చూసుకోవాలి. కాన్సులేట్‌లోకి సెల్‌ఫోన్ తీసుకెళ్ళనివ్వరు. అడ్రసులు, నంబర్లు ఫోన్లోనే ఉంటే అక్కడ పనికిరావు.

డీఎస్-160 అని వీసా కోసం ఆన్‌లైన్‌లో నింపే ఫారం ఒకటి ఉంది. దాన్ని పిల్లలు నింపినా సరే, సబ్‌మిట్ చేసే ముందు ఒక ఆదివారం గంటసేపు ఫోన్లో కూర్చోబెట్టి, ప్రతి ప్రశ్నా, దానికి తను రాసిన జవాబూ తెలుగులో చదివి వినిపించమనండి. మీ ఉద్యోగం, పెన్షన్, ఇదివరకు ఎక్కడికైనా వెళ్ళారా, అమెరికాలో బంధువులెవరు, ఖర్చు ఎవరిది, ఎన్నాళ్ళుంటారు. మీరు చెప్పేదీ అందులో ఉన్నదీ ఒకటిగా ఉండాలి.

నాకు తెలిసిన ఒకావిడ సంగతి చెబుతాను. మంచి మనిషి, పొలం ఉంది, సొంత ఇల్లుంది, కొడుకు ఊళ్ళోనే ఉన్నాడు. కూతురి దగ్గరికి వెళ్ళాలి. ఎన్నాళ్ళుంటారమ్మా అని అడిగారు. "మా అమ్మాయి ఎన్నాళ్ళుండమంటే అన్నాళ్ళుంటానండీ" అన్నదావిడ. మన ఇంట్లో అది ఎంత ముచ్చటైన మాట! కానీ అమెరికా చట్టంలో 214(బీ) అని ఒక సెక్షన్ ఉంది. సందర్శక వీసా అడిగే ప్రతి మనిషీ అక్కడే ఉండిపోవడానికి వస్తున్నాడని ముందు అనుకోవాలని, కాదని చూపించుకోవాల్సిన బాధ్యత వచ్చేవాళ్ళదేనని ఆ సెక్షన్ చెబుతుంది. ఆవిడ మాట సూటిగా ఆ అనుమానానికే బలమిచ్చింది. వీసా రాలేదు. నాలుగు నెలలుంటాను, సంక్రాంతికి ఇంటికి వచ్చేస్తాను, పొలం పనులున్నాయి అని ఉన్న నిజమే చెప్పి ఉంటే సరిపోయేది. ఆ నిజం ఆవిడ దగ్గర ఉంది, నోటికి రాలేదంతే. హైదరాబాద్‌లో ఇంటర్వ్యూ తెలుగులో ఇవ్వొచ్చు. రాని ఇంగ్లీషులో అవస్థ పడకండి. తెలుగులో అని మొదటే చెప్పండి.

బ్రోకర్ల గురించి ఒక్క మాట. బ్యాంకులో లేని డబ్బు ఉన్నట్టు చూపిస్తామనీ, లేని ఆస్తికి కాగితాలు పుట్టిస్తామనీ అనేవాళ్ళుంటారు. దొంగ కాగితం పట్టుబడితే జీవితాంతం అమెరికాలో అడుగుపెట్టనివ్వకుండా చేసే నిబంధన ఉంది. మనవడి పెళ్ళికి కూడా వెళ్ళలేరు. వాళ్ళ ఛాయలకు పోకండి.

వీసా వచ్చింది. మామూలుగా పదేళ్ళకు స్టాంపు వేస్తారు. ఇక్కడ చాలామంది పొరబడతారు, కాస్త శ్రద్ధగా వినండి. పదేళ్ళు అంటే ఆ పదేళ్ళలో వెళ్ళి తలుపు తట్టొచ్చని. లోపలికి రానిచ్చాక ఎన్నాళ్ళు ఉండొచ్చో అక్కడ దిగాక ఇమ్మిగ్రేషన్ ఆఫీసరు నిర్ణయిస్తాడు. మామూలుగా ఆరు నెలలు ఇస్తారు. ఆ తేదీ ఐ-94 అనే రికార్డులో ఉంటుంది. దాన్ని ఆన్‌లైన్‌లో చూసుకోవచ్చు. ఇంటికి చేరిన మర్నాడే పిల్లల చేత తీయించి, ప్రింటు తీసి, ఆ తేదీని ఫ్రిజ్ మీద అతికించండి. తేదీ తప్పు పడిందేమో కూడా అప్పుడే తెలుస్తుంది. ఆ తేదీ ఒక్క రోజు దాటినా పదేళ్ళ వీసా రద్దయినట్టే. నూట ఎనభై రోజులు దాటి ఉండి అప్పుడు బయల్దేరితే మూడేళ్ళు, ఏడాది దాటితే పదేళ్ళు మళ్ళీ రానివ్వరు. పిల్లలు ఆఫీసు టెన్షన్లలో మర్చిపోవచ్చు. మీరు మర్చిపోకూడదు.

ఇన్సూరెన్స్ గురించి కొంచెం వివరంగా చెప్పాలి. అమెరికాలో ముసలివాళ్ళకు ప్రభుత్వం ఇచ్చే మెడికేర్ మనలాంటి సందర్శకులకు వర్తించదు. ఒక రాత్రి ఎమర్జెన్సీలో ఉంటే వచ్చే బిల్లు అబ్బాయి నెల జీతాన్ని మింగేస్తుంది. విజిటర్స్ ఇన్సూరెన్స్‌లో రెండు రకాలున్నాయి. ఒకదాంట్లో ఒక్కో వైద్యానికి ఇంతే ఇస్తామని ముందే నిర్ణయించి ఉంటుంది, ప్రీమియం తక్కువ. బిల్లు ఎంతొచ్చినా వాళ్ళిచ్చేది ఆ నిర్ణయించిన మొత్తమే, మిగతాది మీ పిల్లల నెత్తిన పడుతుంది. రెండోది కాంప్రహెన్సివ్. మొదట కొంత మనం పెట్టుకున్నాక, పరిమితి దాకా వాళ్ళు భరిస్తారు. చౌకగా వస్తోందని మొదటిది కొనేవాళ్ళే ఎక్కువ. నన్నడిగితే, బీపీ, షుగరు ఉన్నవాళ్ళు డబ్బు ఎక్కువైనా రెండోదే తీసుకోవాలి. పాలసీలో పాత జబ్బుల గురించి ఏం రాశారో చదివించుకోండి. చాలా పాలసీల్లో పాత జబ్బు హఠాత్తుగా తిరగబెడితేనే ఇస్తారు, అదీ వెంటనే ఆస్పత్రికి వెళితేనే. మామూలు చెకప్పులకు ఇవ్వరు. డెబ్భై, ఎనభై దాటినవాళ్ళకు పరిమితి కూడా తగ్గుతుంది. అందుకే పళ్ళ డాక్టరు, కళ్ళ డాక్టరు, గుండె పరీక్షలు అన్నీ ఇక్కడే ముగించుకుని వెళ్ళండి. కళ్ళజోడు రెండోది చేయించుకుని బ్యాగులో పడేయండి.

మందులు డబ్బాల్లో సర్దుకునే అలవాటు మనలో చాలామందికి ఉంది. ప్రయాణంలో అలా వద్దు. స్ట్రిప్పుల మీద పేరు కనబడాలి. డాక్టరు గారి దగ్గర కంపెనీ పేరుతో కాకుండా మందు అసలు పేరుతో, ఇంగ్లీషులో, లెటర్‌హెడ్ మీద రాయించుకోండి. మన దగ్గరి కంపెనీ పేరు అక్కడి మందుల షాపులో ఎవరికీ తెలియదు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ మామూలుగా 90 రోజులకు సరిపడా మందులకు మించి తెచ్చుకోవద్దంటుంది. అంతకు మించి ఉండేవాళ్ళు అక్కడ ఎలా తెప్పించుకోవాలో ముందే పిల్లలతో మాట్లాడుకోండి. ఇన్సులిన్, రోజూ వేసుకునే మాత్రలు చేతి బ్యాగులోనే ఉండాలి. గల్ఫ్ మీదుగా వెళ్ళేవాళ్ళు, ముఖ్యంగా అక్కడ దిగేవాళ్ళు, ట్రమడాల్, కోడీన్ ఉన్న నొప్పి మాత్రలు, దగ్గు మందుల విషయంలో జాగ్రత్త. అక్కడ అవి అనుమతి లేనిదే తీసుకెళ్ళకూడని మందులు.

కూతురి పురుడుకో, కోడలి పురుడుకో వెళ్ళేవాళ్ళు కోరింత దగ్గు రాకుండా వేసే టీడాప్ టీకా, ఫ్లూ టీకా కనీసం రెండు వారాల ముందు వేయించుకోండి. పసిబిడ్డకు కోరింత దగ్గు చాలా ప్రమాదం. అక్కడ డాక్టర్లు అమ్మమ్మా తాతయ్యా టీకా వేయించుకున్నారా అని అడుగుతారు.

ఇప్పుడు పెట్టె దగ్గరికి వద్దాం. ఆడవాళ్ళందరూ నిటారుగా కూర్చున్నారు, చూస్తున్నాను. ముందు కరివేపాకు సంగతి. తడిగుడ్డలో చుట్టి, కవర్లో పెట్టి, చీరల మధ్యన దాచి తీసుకెళతారు. దయచేసి వద్దు. కరివేపాకు చెట్టు నిమ్మ, నారింజల కుటుంబానికి చెందినది. సైలిడ్ అనే చిన్న పురుగు దాని లేత చిగుళ్ళ మీద చేరుతుంది. నారింజ తోటల్ని ఎండబెట్టే గ్రీనింగ్ తెగులును అదే మోసుకెళుతుంది. ఆ తెగులుకు మందు లేదు. 2005లో ఫ్లోరిడాలో కనబడింది, ఆ తర్వాత అక్కడి నారింజ రైతులు దారుణంగా నష్టపోయారు. మన దగ్గర బత్తాయి తోటలున్నవాళ్ళకు ఆ బాధ ఏమిటో తెలుస్తుంది. ఒక రైతు తోట కంటే మన పులుసులో పోపు ఎక్కువ కాదు కదా. అక్కడి ఇండియన్ స్టోర్లలో కరివేపాకు దొరుకుతుంది.

అలాగే విత్తనాలు. అబ్బాయి పెరట్లో గోంగూర, బెండ, సొర వేసిద్దామని పొట్లాలు కట్టుకుంటారు. మొక్కల ఆరోగ్య ధ్రువీకరణ పత్రం లేకుండా విత్తనాలు తీసుకెళ్ళకూడదు. మామిడికాయలు, నిమ్మకాయలు, పూలు, ఆకులు వద్దు. మాంసం పచ్చళ్ళు అసలే వద్దు. కోడి పచ్చడి అంటూ సర్దకండి. ఆవకాయ, గోంగూర, కందిపొడి లాంటివి పట్టుకెళ్ళేవాళ్ళు పట్టుకెళుతూనే ఉన్నారు. కానీ అక్కడ దిగాక తినే వస్తువులున్నాయా అని అడిగితే ఉన్నాయని చెప్పాలి. చెబితే మహా అయితే కుదరనిది తీసి పక్కన పడేస్తారు, జరిమానా ఉండదు. లేవని చెప్పి దొరికితే మొదటిసారికే 1,000 డాలర్ల దాకా జరిమానా వేయొచ్చు. అంతకంటే, ఆ వయసులో అబద్ధమాడి దొరికామన్న సిగ్గు ఎందుకు?

గసగసాలు! మసాలా డబ్బాలో ఉంటాయి, ఎవరికీ గుర్తుండవు. యూఏఈలో, సింగపూర్‌లో అవి మత్తుమందుల చట్టం కిందికి వస్తాయి. జైలుకు పంపే నేరం. ఆ దారిన వెళ్ళేవాళ్ళు మసాలాలన్నీ ఒక్కసారి బయటికి తీసి చూడండి. ఎండుకొబ్బరిలో నూనె ఉంటుంది కాబట్టి, విమానంలో నిప్పు ప్రమాదమని దాన్ని ఒప్పుకోరు. పవర్ బ్యాంక్ చేతి బ్యాగులోనే ఉండాలి, పెట్టెలో పెట్టకూడదు.

మిక్సీ, గ్రైండరు మోసుకెళ్ళకండి. మన కరెంటు 230 వోల్టులు, వాళ్ళది 120. పని చేయదు. ఫోన్ ఛార్జర్లు పని చేస్తాయి, పిన్ను మార్చే అడాప్టర్ ఒకటి ఉంటే చాలు.

విమానాశ్రయంలో అందరూ కంగారుపడేది ఒక్కచోట. మీ పెట్టెలు చివరి ఊరి దాకా వెళతాయని హైదరాబాద్‌లో చెబుతారు. కానీ అమెరికాలో మొదట దిగిన ఊళ్ళోనే ఇమ్మిగ్రేషన్, అక్కడే పెట్టెలు తీసుకుని కస్టమ్స్ దాటించి, మళ్ళీ బెల్టు మీద వేయాలి. షికాగోలో దిగి సెయింట్ లూయిస్ వెళ్ళాలంటే షికాగోలోనే ఈ పనంతా. అందుకని ఆ ఊళ్ళో రెండు విమానాల మధ్య కనీసం మూడు గంటలుండేలా టికెట్టు తీసుకోమని పిల్లలకు చెప్పండి. రెండూ ఒకే బుకింగ్‌లో ఉండాలి. అబుదాబి మీదుగా వెళ్ళే విమానాలకైతే అమెరికా ఇమ్మిగ్రేషన్ అబుదాబిలోనే అయిపోతుంది. అలా చాలామందికి తేలిగ్గా ఉంటుంది.

పెద్ద అక్షరాలతో ఒక కాగితం రాసుకోండి. అక్కడి అడ్రసు, ఫోన్ నంబర్లు, విమానం నంబర్లు, ఎన్నాళ్ళుంటారు, తిరుగు తేదీ. ఒకవైపు తెలుగు, ఒకవైపు ఇంగ్లీషు. పాస్‌పోర్టులో పెట్టుకోండి. దంపతులు ఇద్దరూ వెళుతుంటే ఇద్దరి దగ్గరా చెరొకటి ఉండాలి. ఇద్దరి పాస్‌పోర్టులూ ఒక్కరి బ్యాగులో పెట్టకండి. విమానంలో గంటకోసారి లేచి నడవండి, నీళ్ళు తాగండి. అన్ని గంటలు కాళ్ళు వేలాడేసి కూర్చుంటే పిక్కల్లో రక్తం గడ్డ కట్టే ప్రమాదం ఉంది.

అక్కడి ఇంటికి చేరాక పోపు వేసే ముందు ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేయండి. ఎండుమిర్చి ఘాటుకు స్మోక్ అలారం మోగితే గుండె అదురుతుంది. అలారం ఎలా ఆపాలో, 911కు ఎలా ఫోన్ చేయాలో, ఇంటి అడ్రసు ఇంగ్లీషులో ఎలా చెప్పాలో మొదటి రోజే నేర్చుకోండి. మనవడిని కార్లో వదిలి ఒక్క నిమిషం కూడా షాపులోకి వెళ్ళకండి.

ఇక్కడి ఇల్లు సంగతి. గ్యాస్ కట్టేయడం, కరెంటు బిల్లు, పక్కింటి వాళ్ళకు చెప్పడం మీకు తెలిసినవే. తాళం వేసిన ఇళ్ళ కోసం మన పోలీసులకు ఎల్‌హెచ్‌ఎంఎస్ అనే నిఘా ఏర్పాటు ఉంది, స్టేషన్లో అడగండి. పెన్షనర్లు లైఫ్ సర్టిఫికెట్ ఏ నెలలో ఇవ్వాలో చూసుకోండి. కేంద్ర ప్రభుత్వం వాళ్ళకు నవంబర్. ఆ నెలలో అక్కడుంటే ఏం చేయాలో బ్యాంకులోనో ట్రెజరీలోనో అడిగి వెళ్ళండి. ఇక్కడి సిమ్‌కు రీఛార్జ్ ఆగిపోతే బ్యాంకు ఓటీపీలు రావు. ఓటీపీ రాకపోతే మీ డబ్బు మీకే అందదు. రోమింగ్ ఆన్ చేయించి, ఇక్కడుండగానే సరిచూసుకోండి.

(సభికుల ప్రశ్నలు)

"నడవగలిగిన వాళ్ళు వీల్‌చైర్ అడగొచ్చా మేడమ్? మా అబ్బాయి పెట్టించాడు, నాకు ఏదోలా ఉంది."

మోకాళ్ళు నొప్పి, పెద్ద ఎయిర్‌పోర్టుల్లో అంత దూరం నడవలేను అనుకుంటే నిస్సంకోచంగా అడగండి. టికెట్టు కొన్నప్పుడే పెట్టించాలి. నడవగలిగి, దారి తెలియదన్న భయమే అయితే, దారి చూపే సాయం వేరుగా ఉందేమో ఎయిర్‌లైన్‌ను అడగండి. నిజంగా అవసరమైన వాళ్ళకు కుర్చీ దొరక్కపోతే బాధ కదా. వీల్‌చైర్‌లో కూర్చున్నా ఇమ్మిగ్రేషన్ ప్రశ్నలకు జవాబు చెప్పేది మీరే, తోసేవాళ్ళు కాదు.

"నగలు ఎంత వరకు వేసుకెళ్ళొచ్చు?"

తక్కువ వేసుకెళ్ళండి. తప్పదనుకుంటే, వెళ్ళేటప్పుడే మన ఎయిర్‌పోర్టు కస్టమ్స్‌లో చూపించి ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ తీసుకోండి. లేకపోతే తిరిగొచ్చినప్పుడు అవి మీ పాత నగలేనని నిరూపించుకోవడం కష్టం. దానికోసం గంట ముందే వెళ్ళాలి. డబ్బు విషయానికొస్తే, పది వేల డాలర్లు దాటితే అమెరికాలో తప్పకుండా చెప్పాలి. అంత ఎవరు పట్టుకెళతారులెండి.

"మాకు ఆరు నెలలిచ్చి, అమ్మాయి ఇంకో రెండు నెలలు ఉండమంటే?"

ఐ-539 అనే ఫారం ఉంది. ఐ-94 తేదీకి కనీసం 45 రోజుల ముందు పెట్టుకోమంటారు. ఎందుకు ఉండాల్సి వస్తోందో కారణం రాయాలి, ఖర్చులకు డబ్బుందని చూపించాలి, తిరిగి వెళతారన్న ఆధారమూ ఇవ్వాలి. ఇస్తారన్న గ్యారంటీ లేదు. కాన్పులో ఇబ్బందులు, ఆరోగ్యం లాంటి గట్టి కారణం ఉంటే పెట్టండి. ఊరికే ఉండాలనిపించి అయితే, నా మాట విని తేదీలోపే వచ్చేయండి. మళ్ళీ వచ్చే ఏడు వెళ్ళొచ్చు. ఇన్సూరెన్స్ కూడా ఆ రెండు నెలలకు పొడిగించడం మర్చిపోకండి. పాలసీ ముగిసే ముందే పొడిగించాలి, ముగిశాక కుదరకపోవచ్చు.

ఇంకెవరికైనా ఫారం చూపించుకోవాలనుంటే, కాగితాలు తెచ్చుకున్నవాళ్ళు ఇక్కడే ఉండండి. టీ తాగి కూర్చుందాం.